చక్కెర డబ్బా కింది కాగితం

కుట్టుకేంద్రం వెనకగదిలో మధ్యాహ్నపు వయోజన విద్య తరగతికి ఆరోజు ఒక్క పెద్దావిడే వచ్చింది. పుస్తకాలు ఇంకా రాలేదు. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని, ఫ్యాక్టరీవాళ్లు ఒకప్పుడు ఇంటింటికీ పంచిన కరపత్రాన్నే కొత్త పంతులమ్మ పాఠంగా పెట్టింది.

“గ్యాసు... లీకైతే... గాలి వీచే వైపు... పరిగెత్తకండి.”

“భేష్ అక్కా! వేలు పెట్టకుండా చదివేశావు.”

“మా ఆయన అటే పరిగెత్తాడు టీచరమ్మా. రోడ్డు అటే ఉంది కదా.”

పంతులమ్మ కరపత్రాన్ని వెనక్కి తీసుకోబోయింది. ఆవిడ వదల్లేదు.

“ఇదెప్పుడు పంచారు?”

“కింద తేదీ ఉంది... వద్దులే అక్కా, రేపు వేరేది చదువుకుందాం.”

“చదవనీ.” ఆవిడ అంకెలు కూడబలుక్కుంది. “ఆయన పోవడానికి రెండు నెలల ముందు. అవును, గుమ్మంలో నేనే అందుకున్నా. వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచా.”

“నీ తప్పేముందక్కా? అప్పటికి నీకు చదువు రాదుగా.”

“ఆయనకొచ్చు.”

ఆవిడ కరపత్రాన్ని బోర్లించి, అరచేత్తో సాపు చేసింది.

“పొద్దున్నే చక్కెర డబ్బా ఎత్తేది ఆయనే. తెల్లగా, శుభ్రంగా ఉందని, ఇదిగో, ఈ వైపు పైకి పరిచా.”