శారీ గార్డు లేని బండి

ఆదివారం పొద్దున సూర్యాపేటలో ప్రవళిక చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వాకిట్లోకి వచ్చింది. సాగర్ డ్యాం ప్రయాణానికి భర్త మోకాళ్లకు గార్డులు బిగించుకుంటున్నాడు. ఆమె చూపు మాత్రం బండి వెనక చక్రం దగ్గరే ఆగిపోయింది.

"శారీ గార్డు ఏది?"

"నిన్న పీకేసిన. అది ఉంటే పాలబండి లెక్క కనపడుతది. మా బైకు గ్రూపుల ఎవ్వని బండికి లేదు."

"మీ గ్రూపుల ఎవ్వడు చీర కట్టడు గద!"

"అయితే డ్రెస్సేసుకో."

"చున్నీ చక్రంల పడదా? మా చిన్నమ్మ గట్లనే పడి ఎన్ని నెలలు మంచంల ఉన్నది! దవాఖానకు నువ్వే గద తీస్కపోయినవ్?"

"జర కొంగు నడుముకు చుట్టుకోవే. మిర్యాలగూడల అందరు మనకోసమే ఆగిన్రు."

"నీకు మోచేతికి గార్డు, మోకాలికి గార్డు, వీపుకు గార్డు. నేనేమో కొంగు చుట్టుకోవాల్నా? అది బిగిస్తెనే ఎక్కుత."

అతను విసుక్కుంటూ మెట్ల కింది నుంచి గార్డు తీశాడు. మిర్యాలగూడలో ఆగిన గ్రూపు అన్నకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి, పానా పట్టుకుని చక్రం పక్కన కూర్చున్నాడు.

"అన్నా, జర లేటైతది. టైరు పంక్చరైంది."

ప్రవళికకు ఒళ్లు మండింది.

"పంక్చర్ గాదన్నా! పీకేసిన శారీ గార్డు మళ్ల బిగిస్తున్నడు."

ఫోన్‌లో ఆ అన్న భార్య గొంతు గట్టిగా వినిపించింది.

"ఏమయ్యో, విన్నవా? నేను గీడనే దిగుతున్న. నువ్వు గూడ ఇంటికి పోయి మనది పట్టుకరా!"