గురువారం దాకా ఆగని వణుకు

సబ్‌జైలు కిటికీ దగ్గర అమ్మ వార్డరుగారితో మాట్లాడుతోంది. నేను ఆమె వెనకాల నిలబడ్డాను. కొట్లాట కేసులో నాన్న లోపల ఉన్నాడు.

"బయటి మాత్రలు తీసుకోకూడదమ్మా. మా డాక్టరుగారు గురువారం వస్తారు."

"ఇవాళ సోమవారమేనండీ! తాగుడు మానడానికి ఆసుపత్రిలో రాసిచ్చిన మాత్రలండీ ఇవి. రెండు రోజులుగా ఇవి పడక మనిషి వణికిపోతున్నాడు. ఇందాక ములాఖత్‌లో నన్నే ఎవరు నువ్వని అడిగాడు."

"అదంతా నటన. ఇలాంటోళ్లని రోజూ చూస్తాం."

"పద్దెనిమిదేళ్లు కాపురం చేశాను. నటనో కాదో నాకు తెలీదా అండీ?"

"అరవకమ్మా. రూలు రూలే."

"మా కొల్లేటి చెరువుల్లో గాలాడక చేప పైకొచ్చి నోరు తెరిస్తే పరిగెత్తుకెళ్లి నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ వేస్తామండీ. చేపని కూడా గురువారం దాకా ఆగమనం."

"అయితే నన్నేం చేయమంటావు?"

"ఆసుపత్రివాళ్లు రాసిన ఈ మందుల చీటీ వెనకాల, మాత్రలు ఇవ్వనని రాసి సంతకం పెట్టండి చాలు. పెన్ను మా అమ్మాయి దగ్గరుంది. ఇవ్వవే."

నేను పెన్ను అందించబోయాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"మాత్రలు ఇటివ్వమ్మా. పైవాళ్లకి చూపించి వేయిస్తాను."

"వేయించండి. ఆయన మింగారని మీరొచ్చి చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను."