ఒక్క వాయిదా తప్పలేదు

“వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నెలనెలా నీ వాయిదా నీ చేతిలో పెడతా చెల్లీ. నా మాట తాళం లాంటిది. ఒకసారి పడిందంటే నేను తప్ప ఇంకెవరూ తీయలేరు.”

నిజమే మరి. ఆ తాళం ఇంకెవరూ తీయలేదు, తీసింది ఆయనే. వానలకు ముందు అన్నయ్య ఇచ్చిన మాట అది. వానలు వెళ్ళి చలి కూడా వచ్చింది. ఒకటో తారీఖులు వాటి మానాన అవి వచ్చిపోతున్నాయి. చెల్లెలి చేతిలో మాత్రం ఖాళీ గ్లాసులు తప్ప ఏమీ పడలేదు.

ఆమెది వీధి మలుపులో టార్పాలిన్ కింద టీ కొట్టు. అన్నయ్య తాళాలు బాగుచేస్తాడు. తాళంచెవులు కోసే మిషను కొనుక్కుంటానని ఆయన వచ్చి అడిగితే, కొట్టు వెనక ఖాళీగా ఉన్న గదికి అడ్వాన్సు ఇద్దామని పోగేసుకున్నదంతా తీసి ఇచ్చేసింది. ఆ గదికి పైకప్పు ఉంది, తలుపు ఉంది, లోపలే కుళాయి ఉంది. ఇప్పుడు గది యజమాని కబురు పెట్టాడు: నెలాఖరులోగా అడ్వాన్సు ఇస్తే సరేసరి, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తానని. గదులున్నవాళ్ళకే గడువులు పెట్టే హక్కు ఎలా వచ్చిందో, చినుకు పడ్డప్పుడల్లా పొయ్యికి గొడుగు పట్టేవాళ్ళకి ఎందుకు రాలేదో ఆమెకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం అన్నయ్య కొట్టు ముందు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. పక్కన వ్యాను డ్రైవరు, ఎదురుగా సెలూను పెద్దాయన. బండి మీద చేసిన అప్పు తలుచుకుని డ్రైవరు ఒక్క నిట్టూర్పు విడిచాడు. అంతే, పట్టుబడిపోయాడు.

“అప్పు తీర్చడం ఒక విద్య తమ్ముడూ” అని అందుకున్నాడు అన్నయ్య. “ఖర్చుల్లో కోత పెట్టాలి. నేను ముందేం చేశానంటే, టీలో పంచదార మానేశా.”

చెల్లెలు టీ వడకట్టే గుడ్డ దులుపుతూ తలెత్తింది. ఇందాక అడిగి మరీ రెండో చెంచా వేయించుకున్నది ఆయనే. పోనీలే అనుకుని గ్లాసులు కడగసాగింది.

“తర్వాత బస్సు మానేశా. నడిచి వెళ్ళేవాణ్ణి. నడిస్తే చెప్పులు అరుగుతాయి కదా, వాటిని చంకలో పెట్టుకున్నా. అప్పుడేమో కాళ్ళు అరగడం మొదలెట్టాయి. ఇలా కాదని అంగ పెంచా. పెంచగా పెంచగా మా ఇంటి గడప మీద ఒక కాలు, నా కొట్టు మెట్టు మీద ఇంకో కాలు, అంతే, ఒక్క అడుగుతో ప్రయాణం సరి. ఒకరోజు ట్రాఫిక్ పోలీసు కింద నుంచి అరిచాడు, బాబాయ్, లోడు లారీ ఆగిపోయింది, కాస్త కాలెత్తు అని.”

“ఎత్తావా?” అన్నాడు సెలూను పెద్దాయన.

“ఎత్తక? మనవల్ల పదిమందికి ఇబ్బంది ఎందుకు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు బిల్లు మీద పడ్డా. మా వాటాకీ పక్క వాటాకీ మధ్య తలుపుంది, దానికి పాతకాలం తాళం. తాళం కన్నం గురించి నాకు ఒకడు చెప్పాలా? ఆకురాయితో ఒక్క గీటు గీశా, దారమంత వెలుగు వచ్చింది. రెండో గీటుకి తాడంత. మూడో గీటుకి పక్కింటి వెలుగు మొత్తం మా ఇంట్లోనే. వాళ్ళు స్విచ్చి వేస్తే మాకు వెలిగేది, వాళ్ళేమో చీకట్లో గోడలు తడుముకునేవాళ్ళు. పాపం పక్కింటాయన వచ్చి, మా బల్బుకి ఏమైందో కాస్త చూడన్నా అని నన్నే పిలిచాడు.”

“వెళ్ళావా?”

“వెళ్ళా. చూశా. బల్బు మంచిదే, మీ చూపే మందగించిందని చెప్పి వచ్చా. ఇక మా మీటరు పని లేక వెనక్కి తిరగడం మొదలెట్టింది. బిల్లు ఇచ్చే మనిషి దాన్ని చూసి, అయ్యా, మా ఆఫీసే మీకు బాకీ అని దండం పెట్టి పోయాడు.”

“మరి తిండి?” అన్నాడు డ్రైవరు. నవ్వు ఆపుకోవడానికి గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“కన్నం ఉందిగా తమ్ముడూ. రెండు పూటలా పక్కింటి వంట వాసన కడుపునిండా పీల్చుకుని చేతులు కడుక్కునేవాళ్ళం. వాళ్ళు చిక్కిపోయారు, మేం లావెక్కాం. డాక్టరు నన్ను చూసి, ముక్కుకి ఒక పూటైనా ఉపవాసం పెట్టకపోతే కష్టం అన్నాడు. సబ్బు సంగతి చెప్పలేదు కదూ? ఒక్కటే కొన్నాం. స్నానానికి వెళ్ళేవాళ్ళకి దూరం నుంచి చూపించేవాణ్ణి. మురికి హడలిపోయి దానంతట అదే దిగిపోయేది.”

సెలూను పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. “నా జన్మంతా కత్తెర పట్టుకునే గడిచింది బాబూ. కోయాలంటే కోయడానికి ఏదో ఒకటి ఉండాలి. బోడిగుండుకి క్షవరం చేసినవాణ్ణి ఇవాళే చూస్తున్నా.”

చెల్లెలికి ఆ మాట గుచ్చుకుంది. పొదుపు పాఠాలు చెప్పేవాళ్ళంతా నిండుకుండలే. కత్తెర పడేది మాత్రం ఎప్పుడూ చిన్న గుడ్డ మీదే. తను తాగే టీలో పాలు మానేసి ఎన్నాళ్ళైందో ఇక్కడెవరికీ తెలియదు. అది చెప్పుకుంటే కథ కాదు, ఎవరూ నవ్వరు. అన్నయ్య చెబితే మాత్రం లేమి కూడా తిరునాళ్ళలా ఉంటుంది. చిన్నప్పుడూ అంతే, చారెడు అన్నాన్ని రాజుగారి విందని నమ్మించి పెట్టేవాడు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వు మీద కోపమూ వచ్చింది.

“అన్నీ కోశాక ఇంకేం మిగిలిందా అని చూశా” అన్నాడు అన్నయ్య, ముందుకు వంగి, గుట్టు చెబుతున్నట్టు. “నెలాఖరు మిగిలింది. మనిషిని పీక్కుతినేది అదే కదా. ఆ చివరి పది రోజులూ కోసిపారేశా. మా ఇంట్లో ఇరవయ్యో తారీఖుతో నెల సరి. తెల్లారితే ఒకటో తారీఖు.”

“కోసిన రోజులేం చేశావు?”

“పారేస్తానా? సెలవులు చాలనివాళ్ళకి వడ్డీకి ఇచ్చా. అప్పు తీరిపోయింది. తీరినా చెయ్యి ఆగదే, అలవాటైపోయింది, కడుతూనే ఉన్నా. అప్పు గొయ్యి పూడి నేలకి వచ్చింది, నేల మీద గుట్ట లేచింది. చివరికి బ్యాంకు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, ఇంక కట్టొద్దండీ, గుట్ట అడ్డమొచ్చి మా బ్యాంకుకి దారి కనబడట్లేదని. ఇన్నాళ్ళలో ఒక్కటంటే ఒక్క వాయిదా తప్పలేదు. నా మాట నమ్మకపోతే ఇదిగో, మా చెల్లెల్ని అడుగు.”

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె పొయ్యి మంట తగ్గించి, చేతులు తుడుచుకుంది.

“నిజమే” అంది. “నాకూ బాకీ ఉన్నాడు మా అన్నయ్య. ప్రతి నెలా ఒకటో తారీఖున ఠంచనుగా వస్తాడు. వచ్చే నెలకి వాయిదా వేసి వెళ్తాడు. వానొచ్చినా, జ్వరమొచ్చినా, ఒక్క వాయిదా తప్పలేదు.”

డ్రైవరుకి టీ ముక్కులోకి పోయింది. సెలూను పెద్దాయన బెంచీ చరిచి చరిచి నవ్వాడు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి, అయినా అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఆయనే. నవ్వుతూనే లేచి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, “నీ గది ఎక్కడికీ పోదులే చెల్లీ. నెలాఖరుకి ఏదో ఒకటి చూద్దాం” అన్నాడు.

“నెలాఖరు ఎక్కడుంది అన్నయ్యా, ఇప్పుడే కోసేశావుగా?” ఆమె ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. “ముప్ఫయ్యో తారీఖు ఆ గది యజమానికి ఉందేమో, మీ ఇంట్లో లేదు. మిషను మీద వచ్చేదాంట్లో నాకెంత ఇస్తావో వదినతో కూడా అనుకుని, ఇద్దరూ వచ్చి చెప్పండి. ఇరవయ్యో తారీఖు సాయంత్రం, నేను కొట్టు కట్టేసేలోపు.”