నడుం సన్నని దూలాలు

ఇటు కూర్చోండి అల్లుడుగారూ, ఈ గట్టు మీద. లోపలికి పోనివ్వరని ఇందాకే చెప్పారుగా. మీ చొక్కా పట్టుకున్నానని ఏమనుకోకండి, వదిలితే పరిగెడతారు. ఆరో అంతస్తులో రోగుల్ని ఒక్కొక్కరినే మెట్ల మీదుగా దించుతున్నారట. వార్డు ఖాళీ అయ్యేదాకా నర్సులు దిగరట. అమ్మాయి సంగతి మీకు తెలియందేముంది, అందరికంటే ఆఖరున దిగుతుంది. తాత పోలిక. భూమి కదిలి గంటైంది, ఆస్పత్రి నిలబడే ఉంది. చూడండి, నిటారుగా. అది మా నాన్నగారి లెక్క. ఏం, అమ్మాయి చెప్పలేదా? ఎలా చెబుతుంది, నేనే దానికి సరిగా చెప్పందే. నేను మాట్లాడేదే తక్కువ, మీ అమ్మగారు మొదట్లో నన్ను మూగదాన్ననుకున్నారు కదూ. ఇవాళ నోరు ఆగడం లేదు, ఏమిటో.

పైన దూలాలు వంగాయని ఇందాక లోపల్నుంచి దిగొచ్చిన ఆ కరెంటాయన చెప్పగానే మీ మొహం పాలిపోయింది. ఎక్కడ వంగాయి నాయనా అని నేనడిగాను, విన్నారా? స్తంభానికి జానెడు ఇవతల అన్నాడు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది. అక్కడే వంగాలి. నాన్నగారు ఉక్కు బిల్డింగులు గీసేవారు. అన్నం తింటూ కూడా అదే గోల. గాలి ఏటేటా వచ్చే చుట్టమే, దాని ముందు బిగదీసుకుని నిలబడాలి, పైఅంతస్తు ఊగితే మంచం మీది రోగికి కళ్ళు తిరుగుతాయి అనేవారు. అందుకే మెట్ల పక్కన ఆ ఏటవాలు కడ్డీలు, అవిగో, కిటికీలోంచి కనిపిస్తున్నాయి. భూకంపం మాత్రం జన్మకోసారి వచ్చే మొండిచుట్టం, ఎదురు తిరిగితే కొంప కూలుస్తుంది, చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపించాలి అనేవారు. ఏం పెడతారండీ అని మా అమ్మ అడిగితే, దూలం చివరి జానెడు పెడతాను అని మజ్జిగ పోసుకునేవారు. మా అమ్మ నా వైపు చూసేది, మీ నాన్నకి వేడి చేసిందే అన్నట్టు.

ఎక్కడిదాకా వచ్చాను? ఆఁ, దూలం. ప్రతి దూలానికీ స్తంభం దగ్గర రెండు పక్కలా నెలవంకలా కోయించారు. మనిషికి నడుంలా అన్నమాట. వంగితే అక్కడే వంగుతుంది, స్తంభం జోలికి పోదు. వెల్డింగు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు, బంగారం లాంటి పనివాడు. ఆరో అంతస్తు దూలాలు చూసి ఎవరో కోత పాడుచేశారనుకున్నాడు. అయ్యగారికి మాట రాకూడదని, తన మనుషుల్ని పెట్టుకుని, ఆదివారమంతా కూర్చుని, ఆ నెలవంకలన్నిట్లో ముక్కలు అతికేశాడు. పద్నాలుగు దూలాలు. అతుకు ఎక్కడుందో తెలియకుండా అరగదీశాడు కూడా. సోమవారం నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి ఆయన నవ్వుతూ చూపిస్తున్నాడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నాన్నగారు ఆ దూలాన్ని చేత్తో తడిమారు. మేస్త్రీ, ఇంత మంచి పని నేను చూళ్ళేదు, అన్నీ దించెయ్ అన్నారు.

పాపం, ఆయన అక్కడే కూలబడ్డాడు. ఆస్పత్రి కమిటీ పెద్దాయనొచ్చి ఎగిరాడు. బలం ఎక్కువైతే తప్పేంటయ్యా, నీకు చదువు ముదిరింది, ఆ ముక్కలే మళ్ళీ కోసెయ్ అని. వేడి తగిలిన ఉక్కుని నమ్మలేనన్నారు నాన్నగారు. నాలుగు నెలలు ఆలస్యం. ఆ పెద్దాయన మళ్ళీ ఒక్క పని ఇవ్వలేదు. పిల్లి నడుంలా వంగే దూలాలట, ఊళ్ళో అంతా పిల్లిదూలాల ఇంజనీరని పేరు పెట్టారు. పోయేదాకా అదే పేరు. నేనూ సిగ్గుపడ్డానండీ. మీ దగ్గర దాచడమెందుకు, స్నేహితురాళ్ళ దగ్గర ఆయన పని చెప్పేదాన్ని కాదు. ఒక్కసారి అడిగాను, ఉంచేస్తే ఏమయ్యేది నాన్నా అని. అప్పుడన్న మాట ఇవాళ భూమి కదిలిన దగ్గర్నుంచీ చెవిలోనే ఉంది. "దూలం లొంగకపోతే స్తంభం లొంగుతుందమ్మా. స్తంభం లొంగాక ఎవరికీ మెట్లు దిగే టైముండదు."

అంతే ఆయన అడిగింది. బిల్డింగు దక్కాలని కాదు. వంగిన దూలం మార్చాల్సిందే, ఇంజనీర్లు చూసి చెప్పేదాకా లోపల ఎవరూ ఉండకూడదు. మెట్లు దిగే టైము చాలన్నారు. గంటైంది, ఇంకా ఇస్తూనే ఉంది చూడండి. ఎవరన్నా పిల్లిదూలాలన్నవాళ్ళుంటే వచ్చి చూడమనండి ఇప్పుడు. అతికిన దూలాలే ఉండుంటే ఆ ఆరో అంతస్తు...

అదిగో. స్ట్రెచర్ ఆ చివర పట్టుకున్నది మన అమ్మాయే. కాళ్ళకి చెప్పుల్లేవు, చూశారా. లేవండి, నేనే వదిలేశాగా మీ చొక్కా. వెళ్ళి ఆ స్ట్రెచర్ అందుకోండి, దాని చేతులు లాగుతుంటాయి.