మరిడొదిన కంటిముంత

ఏటి, మీ నాయనమ్మ గురించా? కూకో, ఆ మంచం మీద కాదురా, దాని నులక తెగిపోనాది, ఇటు రా. ఈ మాట అడగడానికే కళింగపట్నం నుంచి బస్సెక్కి నౌపడ వొచ్చినావేటి చినబాబూ? మంచి పని సేసినావు. మీ నాన్ననడిగితే ఏటి సెప్తాడు, ఆడప్పటికి సంకలో గుంటడు. నన్నే అడగాల. ఆ ఉప్పుమడి గొడవ దినాన ఉన్నోళ్ళలో మిగిలినోణ్ణి నానొక్కణ్ణే. మరిడమ్మంటే మా అన్న పెళ్ళాం కదా, నాకు మరిడొదిన. మా అన్న పాం కరిసి పోయినాక కూడా నాకింత సోడంబలి కాసి పోసినాది ఆ మనిసే. నోరు మాత్రం, అబ్బో! "ఒరే ఎర్రన్నా, పళ్ళు తోంకోకుండా అంబలికొచ్చీసినావు, ఆ పెయ్యదూడకున్నపాటి సుబ్రం నేదేట్రా నీకు" అనీది. ఊరందరూ ఇనీలాగ అనీది. ఇనపడకపోతే మళ్ళీ అనీది.

ఉప్పుమడిలో పనంటే నీకు తెలీదు, మీరిప్పుడు సేపలోళ్ళైపోనారు. మడిలో దిగితే సేతులు, కాళ్ళు, గోళ్ళసందులు, అంతా ఉప్పే. కంట్లో ఓ సుక్క పడ్డాదంటే ఇంక ఆ పూటకి పని నేదు. అందుకని జట్టుకో ముంత ఉండీది, మంచినీళ్ళది, మూతేసి గట్టు మీద. కంటిముంత అనీవోళ్ళం. దాహమేసి నాలిక పిడసకట్టుకుపోయినా ఆ నీళ్ళు తాగరు. ఎవులు ముందొత్తే ఆళ్ళ కన్ను కడగాల, ఎవులి కన్నని అడక్కూడదు. ఎవులి కన్ను ఆళ్ళు కడుక్కోకూడదు కూడా, సెయ్యి ఉప్పు కదా. రెండు సేతులూ ఎనక్కెట్టుకుని మొకం ఎత్తాల, ముంత కాసీ మనిసి పోస్తాది. మా జట్టుకి ముంత మరిడొదినది. ఉప్పుమడోళ్ళ పిల్లలు నడకతో పాటే నేర్సుకుంతారిది. ఉప్పుసెయ్యి కంటికెట్టినోడంటే ఊరంతా నవ్వీసీవోరు, ఆడికి పిల్లనిచ్చీవోరు కాదు.

ఏటి సెప్తన్నాను? ఆఁ, అరవైతొమ్మిది. ఎండలు ముదిరినాయి. కంట్రాక్టరు మా మంచినీళ్ళ బండి ఆపీసినాడు, ఎద్దులు సచ్చిపోనాయని ఓ కత. మరి మేం ఏటి తాగాల? ఉప్పుబస్తాలు టేసనుకెల్లీ దారి మీద కూకున్నాం, ఆడా మగా రెండొందలమంది. నీళ్ళొత్తేనే లెగుస్తాం అన్నాం. రెండో దినం రైలు దిగినారు రిజర్వు పోలీసులు. మేం మిలట్రీ అనీవోళ్ళం, టోపీలు, తుపాకులు, మాట కూడా మన మాట కాదు. అప్పట్లో కొండలవేపు గలాటాలు కదా, జిల్లాలో ఎక్కడ సూసినా ఆళ్ళే. ఐపోనాం, కాల్సీస్తారు అనుకున్నాను. ఆళ్ళ ఆఫీసరు మంచోడేనేమో మరి, "కాల్పులొద్దు, పొగతో లేపీండి" అన్నాడట. డబ్బాలు టపటపా వొచ్చి మా ముందు పడ్డాయి. తెల్లటి పొగ. ఓలమ్మో, మిరపగుండ కళ్ళలో జల్లినట్టు! ముసిలోళ్ళు బోర్లా పడిపోనారు, ఆడోళ్ళు కొంగులు మొకానికి సుట్టీసుకున్నారు. ఇంతలో గాలి తిరిగిపోనాది. ఇక్కడ పది దాటితే సముద్రం గాలి తిరుగుతాది, అది ఆళ్ళకెవులు సెప్తారు? పొగంతా ఎనక్కి మళ్ళి ఆళ్ళ మీదే పడ్డాది. ఆళ్ళూ మేమూ ఒక్కలాగే ఏడిసినాం. నవ్వుతావేట్రా? నవ్వు, నవ్వు, ఇప్పుడు నాకూ నవ్వొస్తంది.

అప్పుడో పోలీసు, మీసం కూడా సరిగ్గా రానోడు, తుపాకీ ఎక్కడో పారీసి, తడుముకుంటా వొచ్చి మీ నాయనమ్మ ముందర గట్టు మీద పడ్డాడు. పక్కనే మడి, నీళ్ళు కదా అని సెయ్యెట్టబోనాడు. వొదిన ఆ సేతిని ఫెళ్ళుమని కొట్టీసినాది. మిలట్రీవోణ్ణి! "మొకమెత్తరా ఎదవా" అన్నాది. ఆడికి తెలుగు రాదు, ఎత్తినాడు. కంటిముంత వొదిన పక్కనే ఉన్నాది. పోసినాది. నీళ్ళ కోసమే కదా అంత గొడవ, రెండు దినాల నుంచి దాసిన నీళ్ళవి. ఆడి ఎనకాలే నాను ఎల్లినాను, "వొదినా, నాకు" అన్నాను. ముంత వొంచి సూపించినాది. అయిపోనాయి. ఆ దినం ఆళ్ళు మమ్మల్నేటీ సెయ్యనేదు. మర్నాడు ఏరే పోలీసులొచ్చి లాఠీలతో లేపీసినారు. నీళ్ళబండి మరో నెలకి వొచ్చినాది, ఎందుకొచ్చినాదో ఇప్పటికీ తెలీదు.

నా కన్ను, ఇదే, ఈ కుడిది, వారానికి పువ్వేసీసినాది. నాను ఊరంతా సెప్పుకున్నాను. "నీళ్ళు మిలట్రీవోడికి పోసీసి సొంత మరిది కన్ను తీసీసినాది" అన్నాను. పెద్దలు కూకోబెట్టినారు. సూరయ్యని మా కులపెద్ద, "ఏటమ్మా మరిడమ్మా, ఏటంతావు?" అన్నాడు. వొదిన నావేపు సూసినాది. ఊరికంతటికీ ఇనీలాగ మాటాడే మనిసి, నెమ్మదిగా, "ముందొచ్చినోడికి పోసినాను" అన్నాది. అంతే. జట్టులోంచి తీసీసినారు. మీ నాన్నని సంకనేసుకుని కళింగపట్నం అప్పగారింటికి ఎల్లిపోనాది, ఎండుసేపల పనికి.

పెద్దలు కూకోబెట్టడానికి రెండు దినాల ముందే టెక్కలి డాక్టరు నా కన్ను సూసినాడు. "ఇది పొగకి అయ్యింది కాదు, ఉప్పురాయి గీసీసినాది, ఎవులు నులిమినారు?" అన్నాడు. ఎవులు నులుముతారు, నానే. పొగ రాగానే బెదిరిపోయి ఉప్పుసేతుల్తో నులిమీసుకున్నాను, ఉప్పుమడిలో పుట్టినోణ్ణి. వొదిన సూసినాది. "సెయ్యి దించురా ఎర్రన్నా" అని అరిసినాది కూడా, ఆ గోలలో నాకొక్కడికే ఇనిపించినాది. ఆ ముక్క పెద్దల ముందర అన్నాదంటే ఐపోదును. అప్పటికి నాకు కూర్మమ్మతో సమ్మందం కుదిరుంది, జేష్టంలో పెళ్ళి. అది ఇంక అయ్యీదా? వొదినకి తెలుసు. నా కోసమే అన్నేదురా. నాను సిగ్గునేనోణ్ణి, కూకుని ఇన్నాను. ఇరవయ్యేళ్ళు బతికినాది అక్కడ, బస్సెక్కితే రెండు గంటలు. ఎల్లనేదు. ఎల్తే ఏటని సెప్పాల...

ఊఁ. ఊరుకో, ఊరుకో, తలుపు సప్పుడైనాది. ఇది దానికీ తెలీదు. ఒసే కూర్మమ్మా! మరిడొదిన మనవడొచ్చినాడు, ఇంత టీ ఎట్టు.