నేను పోసింది నీళ్లే, ఎస్సై సారూ

యాసిడ్ అని రాయకుండ్రి సార్! నీళ్లు. బోరు నీళ్లు. నా పెండ్లాం జంగమ్మ గిన్నెలు తోమనీకె పట్టి పెట్టిన బకెట్ల నీళ్లు. నీళ్లు పోస్తె గూడ హత్యాయత్నమేనా? గట్లయితే ముందు మా కోట్‌పల్లి నీళ్ల ప్రాజెక్టు మీద కేసు పెట్టాలె గద!

బామ్మర్ది మల్లికార్జున్ ముఖం కాలింది, నిజం. తోలు ఊడొచ్చింది, నిజం. నేను కాదంటున్ననా?

జర వినుండ్రి ఎస్సై సారూ. తాండూర్ల నాపరాళ్లు పాలిష్ పట్టుకొని బతికెటోణ్ని. కాలేజీల కెమిస్ట్రీ తప్పీ తప్పీ ఇడిచిపెట్టిన. అడిగింది ఇడిచి, అడగంది రాసేటోణ్ని. అయినా పాత పుస్తకాలు కొని చదువుడు మానలే. జంగమ్మ నన్ను సైంటిస్టు అంటది. పొగడ్త కాదు సార్, పనికిరానోణ్ని మా ఇంట్ల గట్లనే అంటరు.

మల్లికార్జున్ ఏం చేసిండు? ఎక్కడి ఫ్యాక్టరీ కాడికెల్లో నీలం డ్రమ్ము తెచ్చిండు. కడిగి నీళ్ల డ్రమ్ము చేస్తడంట. అడుగుకు ఫ్యాక్టరీ మందు ఇంక ఉన్నది. మూత తీస్తె ఒకటే సిర్కా వాసన, గదే వెనిగర్ వాసన, కండ్లల్ల మిరపకారం చల్లినట్టు. "గీ కంపు బయట పారెయ్‌రా" అన్నది జంగమ్మ. గంతే. సొంత అక్క సార్! దవడ మీద గుద్దిండు. పన్ను ఊడి బండ మీద పడ్డది. అడ్డంపోతె నన్ను గూడ తన్నిండు. "మా అక్కను నేను కొట్టుకుంట, నీకేంది బావా?"

బకెట్ అందుకున్న. పోసిన. వాని మీద కాదు సార్, డ్రమ్ముల!

ముందు ఏం కాలే. వాడు పక్కున నవ్విండు. "ఏం సైంటిస్టూ, డ్రమ్ము నువ్వు కడుగుతవా?"

గా మందు ఉన్నదే, డ్రమ్ము మీదనే పేరు రాసున్నది, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్. మంచిదే సార్, తలనొప్పి గోళీలు చేస్తరు దానితోని. సిగరెట్ల ఫిల్టర్లకు గూడ గిదే గావాలె. సిర్కాల ఉంటది సూడుండ్రి యాసిడు, గా అణువులు రెండు తీస్కొని, నడుమలకెల్లి ఒక నీటి అణువును పీకేస్తె గిదయితది. దాని నీళ్లు దానికిస్తె మల్ల యాసిడే. ఊకె అయితదా? మెల్లగ వేడెక్కుతది, ఎక్కీ ఎక్కీ ఒక్కపారి మసిలి ఎగదన్నుతది. ఎండల కాగిన డ్రమ్మాయె, ఇంక జల్ది.

గుర్రుమన్నది. ఎనుక వాని అరుపు. సగం కోసి ఇడిసిన గొర్రె గట్లనే అరుస్తది సార్. చేతులతోని ముఖం పట్టుకుంటె, ముఖం చేతులకొచ్చింది.

నాకా? నాకేం కాలే. పేర్చిన నాపబండల చాటుకు ఉన్న.

ముందే చాటుకెందుకు పోయిననంటె... ఒంటికి పోదామని. నవ్వకుండ్రి సార్, ఒంటికి రాదా మనిషికి?

జంగమ్మనా? అవును, రెక్క పట్టి గుంజుకపోయిన. ఆడమనిషిని ఒంటికి ఎందుకు తోలుకపోయినవంటె... ఏం చెప్పాలె?

ఆమెనే చెప్పిందా? చెప్తది. వికారాబాద్ దవాఖానల తమ్మునికి చెంచతోని పాలు పోస్తున్నదంట. నా కాడికి రాలే.

మరి గిది గూడ చెప్పిందా? వాడు డ్రమ్ములకు తొంగి చూస్తుంటె, బండల చాటుకెల్లి నేనే అన్న. "కనిపిస్తలేదా? ఇంక జర వంగు బామ్మర్దీ."

ప్రేమగనే అన్న సార్.