ముప్పై రెండో పేజీ దాకా

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మేడ మీది వాటా. పదేళ్లుగా పక్క వాటాలో ఉన్నామె ఆ సాయంత్రం పామర్రుకు కాపురం మారుస్తూ, పెద్దావిడకు ఒక ఆత్మకథ తెచ్చి ఇచ్చింది.

"ఇది తప్పకుండా చదవండి పిన్నిగారూ. ముప్పయ్యేళ్లు నర్సుగా చేసినావిడ రాసుకున్న జీవితం."

"అట్ట మీద ఫొటోలో ఒక్కతే ఉందేంటమ్మా? నాకు అప్పుడే గాభరాగా ఉంది. ఉండు, చివరి పేజీ చూస్తాను."

"అయ్యో, ముందే ఎందుకండీ?"

"చివరికి ఎవరు మిగిలారో తెలిస్తే గానీ నేను పుస్తకం మొదలుపెట్టను."

"రాసినావిడ మిగిలే ఉంటుంది కదండీ!"

"ఆవిడ మిగిలితే చాలా? పక్కవాళ్ల సంగతో? ఇదేంటి, ముప్పై రెండో పేజీలో బస్సు టిక్కెట్టు పెట్టావు?"

"నేను అక్కడిదాకే చదివానండీ."

"నువ్వు పూర్తి చెయ్యకుండానే నన్ను చదవమంటున్నావా, గడుసుదానా!"

"అక్కడ ఆవిడ ఉన్న ఊరు వదిలి కొత్త ఊరికి బయల్దేరుతుందండీ. సామాను సర్దుకుంటూ అది చదవలేకపోయాను. ఆ ఊళ్లో ఆవిడకి మనుషులు దొరికారో లేదో మీరు చదివి, ఫోన్ చేసి చెప్పండి."

పెద్దావిడ చివరి పేజీ తెరవకుండానే పుస్తకం మూసింది.

"నేను కూడబలుక్కుంటూ చదివేదాన్ని. రోజుకి రెండు పేజీలే."

"పర్లేదండీ. ముప్పై మూడు నుంచి మొదలుపెట్టండి, త్వరగా తెలుస్తుంది."

"అదేం కుదరదు. మొదటి పేజీ నుంచే చదువుతాను."

"అక్కడిదాకా నాకు తెలిసిందేగా?"

"తెలిస్తే తెలియనీ. ఆ పదహారు రోజులూ కూడా ఫోన్ చేస్తాను."